పర్లాకిమిడి పాత లోగిళ్ల మరమ్మతు: దసరా నుంచి ఉగాది దాకా పని చిట్టా

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఈ సీజనులో పని పెట్టుకున్నవి మూడు ఇళ్లు. రెండు మండువా లోగిళ్లు, ఒకటి పక్కిళ్లతో గోడ కలిసిన వీధి వరస ఇల్లు. గోడలు కొన్ని మట్టివి, కొన్ని మట్టి అడుసుతో పేర్చిన ఇటుకవి. పైన నాటు పెంకు, ఒక ఇంటి వసారా మీద మాత్రం బంగళా పెంకు (మంగుళూరు రకం). చేసేవాళ్లు ఊళ్లోని వాలంటీర్లు, ఇద్దరు తాపీ మేస్త్రీలు, ఒక వడ్రంగి. కాలువ లెవెళ్లకి మునిసిపాలిటీ జూనియర్ ఇంజనీరు, హద్దులకి తహసీలు ఆఫీసు అమీను (భూమి కొలిచే ఉద్యోగి) వచ్చారు.

ఏళ్లు మీద పడ్డంత మాత్రాన ఈ ఇళ్లకేమీ కాదు. నీళ్లు పోయే దారి మూసుకుపోయినప్పుడే కూలుతాయి. అందుకే పని వరస ఎప్పుడూ ఒకటే: ముందు పైకప్పు, తర్వాత నేల, ఆఖర్న గోడ. గోడకి ముందే పూత పూస్తే పైకి ఇల్లు కొత్తగా కనిపిస్తుంది, లోపల నానుతూనే ఉంటుంది.

దసరాకి ముందు: కాగితాలు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. అందువల్ల ఈ ఇళ్ల పాత దస్తావేజులు, పంపకాల కాగితాలు తెలుగులో ఉన్నాయి, ఇప్పటి ఖతియాన్ (భూమి హక్కు రికార్డు) ఒడియాలో ఉంది. రెండింటిలో ఉన్నది ఒకే మనిషని తేల్చడానికే ఎక్కువ రోజులు పడుతుంది. తెలుగు కాగితంలో ఇంటిపేరు ముందుంటుంది. ఒడియా రికార్డులో అది చివరికి పోతుంది, ఒక్కోసారి అసలే ఉండదు. ఇంటికొక వంశవృక్షం పేజీ రాసి, ప్రతి పేరునీ రెండు లిపుల్లో పక్కపక్కన పెట్టి, ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లోని ఖాతా నంబరు, ప్లాటు నంబరు కింద రాస్తే అమీను ఒక్క చూపులో పోల్చుకోగలుగుతున్నాడు. తెలుగు చదవగలిగిన పెద్దవాళ్లు వాలంటీర్లలో ఉండడం ఇక్కడ మేస్త్రీ ఉన్నంత అవసరం.

వాటాదారులందరి సంతకాలూ పడ్డాకే పెంకు దించాలి. విశాఖలో, హైదరాబాదులో ఉన్నవాళ్లకి కాగితం పోస్టులో పంపించాలి. ఆ కాగితంలో మూడు మాటలు చాలు: ఏ పని చేస్తున్నాం, ఖర్చు ఎవరిది, దీనివల్ల ఎవరి హక్కూ మారదు. ఒక్క సంతకం మిగిలిపోయినా, కప్పు విప్పి ఉన్న రోజునే ఎవరో వచ్చి పని ఆపమంటారు. ఇంటికి అంతకంటే చెడ్డ సమయం ఉండదు.

ప్రాచీన కట్టడాల రక్షణకి ఒడిశాలో 1956 నాటి చట్టం ఉంది. రక్షితమని ప్రకటించిన కట్టడాలకే అది వర్తిస్తుంది, ఈ మూడిళ్లూ వాటిలో లేవు. ఇలా ఏ జాబితాకీ ఎక్కని ఇళ్లను ఎలా చూసుకోవాలో చెప్పేది వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ 2004లో చేసుకున్న చార్టర్. అది దారి చూపిస్తుంది గానీ ఎవరి చేతా బలవంతంగా చేయించలేదు. యజమాని ఒప్పుకోలే అసలు రక్షణ.

కొలతలు

ఇంటికి ముగ్గురు, ఒక పూట. 30 మీటర్ల టేపు, తూకం గుండు, లెవెలు చూసే నీళ్ల గొట్టం, సన్న మొన స్క్రూడ్రైవరు, సుద్దముక్క. ప్లాను 1:50లో గీస్తే మండువా దూలాలన్నీ ఏ3 కాగితం మీద పడతాయి. ప్రతి దూలానికీ సుద్దతో నంబరు వేసి అదే నంబరు కాగితం మీద వేయాలి. ఇది చేయకపోతే కప్పు విప్పాక వడ్రంగికీ మేస్త్రీకీ ఏది ఎక్కడిదో తెలియక గొడవవుతుంది.

బీట పైన గాజుపలక ముక్కను రెండు వైపులా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించి తేదీ రాశాం. పలక విరిగితే గోడ ఇంకా కదులుతోందని. విరగకపోతే ఆ బీట పాతది, నింపేస్తే సరిపోతుంది. మూడిళ్లకీ కలిపి 11 పలకలు పెట్టాం. విరిగినవి రెండు, రెండూ కాలువ పక్క మూలలోవే.

ఇల్లు ఎప్పటిదో చెప్పడానికి కప్పు కొంత సాయం చేస్తుంది. బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో పెంకు ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. పెంకు వెనక అచ్చు ముద్ర ఉంటే ఆ కప్పు అంతకుముందుది కాదు. కానీ కప్పు మార్చుకున్న ఇళ్లు బోలెడు కాబట్టి గోడ వయసు దాన్నిబట్టి చెప్పకూడదు.

కార్తీకం: పైకప్పు

ఒక్కసారి 3 మీటర్ల వెడల్పు పట్టీ మాత్రమే విప్పాలి, సాయంత్రానికి మూసేయాలి. కార్తీకంలో కూడా వాయుగుండాలు వస్తాయి కాబట్టి 6 ఇంటూ 9 మీటర్ల టార్పాలిన్ మడతపెట్టి కప్పు మీదే ఉంచాలి. పెంకు మీద నేరుగా కాలు పెట్టకూడదు. వాసాలకి అడ్డంగా పలకలు పరిచి వాటిమీద నడవాలి. మొదటి పట్టీలో పలకలు లేకుండా ఎక్కినందుకు బాగున్న పెంకులు కూడా చాలా పగిలాయి.

దించిన పెంకును వేలి కణుపుతో కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే లోపల జీర ఉంది. పగిలినవాటిని పారేయకూడదు. సరిగ్గా కాలని పెంకు పొడి సున్నంతో బాగా పడుతుంది, తడి తగిలే చోట పూతకి అదే కావాలి. రోట్లో దంచి దోమతెరలో జల్లించి మూడు గోనెలు పక్కన పెట్టాం.

కొత్త పెంకు లెక్కకంటే ఐదో వంతు ఎక్కువ చెప్పాలి. కుమ్మరికి పాత పెంకు ఒకటి నమూనాగా ఇవ్వడం మామూలే. కానీ పచ్చి మట్టి ఎండి కాలేసరికి పదో వంతు దాకా కుదించుకుపోతుంది. అచ్చు ఆ మేరకు పెద్దది చేయించకపోతే కొత్త పెంకు పాతవాటి మధ్య ఇమడదు, సందులోంచి నీళ్లు దిగుతాయి. కొత్తవి పెరటి వైపు వాలుకి వేసి, అక్కడి పాతవి వీధి వైపుకి తెచ్చాం. వీధి ముఖం ఒకే రంగులో ఉండాలన్నది ఇంట్లోవాళ్ల కోరిక, న్యాయమైనదే. ఒడియా కూలీలతో పని చెప్పేటప్పుడు పెంకుకి 'ఖపర', అరుగుకి 'పిండా' అనాలి. ఈ రెండు మాటలూ వస్తే సగం పొరపాట్లు తగ్గుతాయి.

పెంకు కింద ప్లాస్టిక్ పట్టా పరవడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు. వద్దు. రాత్రి చల్లబడ్డ పట్టా అడుగున చెమ్మ పట్టి వాసాల మీదకి కారుతుంది. వరస ఇంట్లో వాసాలు పైనుంచి బాగున్నట్టే ఉన్నాయి, పట్టా లాగితే వీపంతా మెత్తబడి ఉంది.

తుపాను సంగతి కూడా ఇక్కడే. 2013లో ఫైలిన్ ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచింది. గాలి పెంకుటింటిని చూరు కింద నుంచి పట్టుకుంటుంది. చూరు దగ్గర మూడు వరసలూ, వెన్ను వరసా సున్నపు అడుసులో కూర్చోబెట్టాం. ప్రతి వాసాన్నీ గోడ మీది పట్టె దూలానికి గాల్వనైజ్డ్ ఇనప పట్టీతో, రెండు వైపులా రెండేసి మేకులతో బిగించాం. వసారా కప్పును అసలు కప్పు వాసాలతో కలపకూడదు. విడిగా ఉంటే గాలికి వసారా లేచిపోయినా ఇల్లు నిలుస్తుంది.

దూలాల కొసలు

మండువా దూలాలు గుగ్గిలం కర్రవి. మధ్యలో ఇనుములా ఉన్నాయి, గోడలోకి దిగిన కొసలే చివికాయి. స్క్రూడ్రైవరు పొడిస్తే గట్టి కర్రలో రెండు మిల్లీమీటర్లు కూడా దిగదు, పుచ్చిన చోట పిడిదాకా దిగుతుంది. దిగడం ఆగిన చోటుకి ఇంకొక జానెడు ఇవతల కోత గీత గీయాలి.

ముందు దూలానికి ఇనప జాకీలు పెట్టి బరువు ఎత్తాలి. ఎత్తేది 2, 3 మిల్లీమీటర్లే, ఎక్కువ ఎత్తితే పై గోడ బీటలిస్తుంది. పుచ్చిన కొస కోసేసి అదే జాతి పాత కర్రతో ఏటవాలు అతుకు వేయాలి. అతుకు పొడవు దూలం లోతుకి మూడు రెట్లు ఉండాలి: 20 సెంటీమీటర్ల దూలానికి 60. 12 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు, వెడల్పు వాషర్లతో. పచ్చి కర్రతో అతుకు వేస్తే ఏడాదిలో ఎండి బోల్టులు వదులవుతాయి. కూల్చేసిన ఇంటి కర్ర కొనడం మేలు. కొస కింద నాపరాయి పలక, చుట్టూ 2 సెంటీమీటర్ల గాలి సందు. కొసను సిమెంటుతో పాతిపెట్టడమే ఇదివరకటి మరమ్మతుల్లో జరిగిన పెద్ద పొరపాటు.

చెదలకి క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ అనే పురుగుమందు, 1 లీటరుకి 19 లీటర్ల నీళ్లు. గోడ మొదట్లో 30 సెంటీమీటర్లకొక రంధ్రం వేసి పోయాలి. నూతికి దగ్గరున్న గోడకి ఇది వాడకూడదు, ఒక ఇంట్లో అందుకే మానేశాం. అక్కడ మట్టి తొట్టాలు రాల్చి, కర్రను నేలకి తగలకుండా రాతి దిమ్మ మీద నిలబెట్టి, నెలకోసారి చూస్తున్నాం.

అరుగు, రోడ్డు, కాలువ

ఈ పనిలో అధికారుల సాయం లేకుండా కదలనిది ఇదొక్కటే. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే అరుగు పొట్టిదైపోతుంది. వీధి మొత్తం నడిచి ప్రతి ఇంటి అరుగు రోడ్డుకి ఎన్ని సెంటీమీటర్ల ఎత్తులో ఉందో నీళ్ల గొట్టంతో కొలిచి పట్టిక వేశాం. వాన రోజున ఒకే చోటు నుంచి తీసిన ఫోటోలు జత చేశాం. మాటలతో చెప్పినప్పుడు ఫిర్యాదులా ఉన్నది, పట్టిక ఇచ్చాక ఇంజనీరు లెవెల్ మిషను తెచ్చి కాలువ అడుగు కొలిచారు. అడగాల్సింది రెండే: కొత్త రోడ్డుకి ముందు పాతది గీకించడం, కాలువ అడుగు అరుగు పునాది కంటే కిందికి ఉంచడం. మొదటిదానికి ఎస్టిమేటులో వేరే పద్దు కావాలి కాబట్టి టెండరుకి ముందే రాసి ఇవ్వాలి.

ఇంటివైపు పని మన చేతిలోదే. చూరునీళ్లు పడే చోట 60 సెంటీమీటర్ల వెడల్పున రాతి పలకలు, 40కి 1 వాలు. అరుగు మీద పోసిన సిమెంటు గోడను తాకే చోట 15 సెంటీమీటర్ల పట్టీ కోసి గులకరాళ్లు నింపాలి. నేలలో ఊరిన చెమ్మ ఆ దారిన బయటికి పోతుంది. లేకపోతే గోడెక్కుతుంది.

పుష్యం, మాఘం: సున్నం, గోడ

రాతి సున్నాన్ని నీళ్లలో వేయాలి. సున్నం మీద నీళ్లు పోయకూడదు, ఎగిరి కళ్లలో పడుతుంది. కళ్లద్దాలు, చేతులకి రబ్బరు తొడుగులు తప్పనిసరి. ఇనప డ్రమ్ములో ఉడికి చల్లారాక 3 మిల్లీమీటర్ల జల్లెడలో వంచి, పైన నాలుగు వేళ్ల నీళ్లు నిలిపి నెల రోజులు ఊరనివ్వాలి. ఊరకుండా వాడితే గోడ మీద గింజలు తర్వాత ఉబ్బి పూత బొడిపెలు బొడిపెలుగా ఊడుతుంది.

పాళ్లు: మామూలు గోడకి 1 ముద్ద సున్నం, 3 ఇసక. గోడ అడుగున మొదటి మీటరు ఎత్తుకి 1 సున్నం, 1 పెంకు పొడి, 2 ఇసక. 10 చదరపు మీటర్లకి 12 మిల్లీమీటర్ల మందం అంటే 120 లీటర్లు. ఎగుడుదిగుళ్లకీ రాలుడుకీ కలిపి 150 అనుకోవాలి. సున్నం ఇసక సందుల్లోకి పోతుంది కాబట్టి 150 లీటర్ల ఇసక, 50 లీటర్ల సున్నం తెచ్చుకుంటే సరిపోయింది. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు కలిపితే అడుసు చేతికి జారుగా వస్తుంది. బెల్లం ఎక్కువైతే ఆరదు, చీమలు పడతాయి.

పాత సిమెంటు పూత తీసేటప్పుడు ఉలిని గోడకి ఇంచుమించు పడుకోబెట్టి కింది నుంచి పైకి రావాలి. ఇటుక చర్మం ఊడొస్తుంటే అక్కడితో ఆపేయాలి. మట్టిగోడ గుంటలకి అదే పెరట్లోని మట్టి, రెండంగుళాల వరిగడ్డి ముక్కలు, వారం రోజులు తొక్కి ఊరబెట్టింది. మట్టిగోడకి ముందుగా మట్టి పూతే, దాని మీద పలచగా సున్నం.

పూశాక వారం రోజులు తడి గోనె కప్పి ఉంచాలి. ఒక తూర్పు గోడకి గోనెలు రెండో రోజే తీసేశారు, ఎండకి వల బీటలు వచ్చాయి, మళ్లీ పూయాల్సి వచ్చింది. లోపలిదాకా గట్టిపడిందో లేదో ఫినాఫ్తలీన్ అనే రసాయన ద్రావణం చల్లి చూడొచ్చు: చిన్న ముక్క విరిచి చల్లితే గులాబి రంగు వచ్చినంత మేర ఇంకా పచ్చిదే. ఆరు వారాల పూతలో పై 4 మిల్లీమీటర్లే రంగు మారలేదు. దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే మిగిలింది ఎప్పటికీ గట్టిపడదు. సున్నపు వెల్లే, పలచగా నాలుగు పూతలు, ప్రతిసారీ గోడ తడిపి.

ఉగాది నాటికి మిగిలినవి

రెండో లోగిలి పడమటి గోడ మీద ఇంకా తెల్లటి ఉప్పు పొంగుతోంది. దాన్ని కడగకూడదు, కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. పొడి కుంచెతో దులిపి, చేటలోకి ఎత్తి ఇంటి బయట పారేస్తున్నాం. మొదటి వారం చేటెడు వచ్చింది, ఇప్పుడు గుప్పెడు వస్తోంది. ఆ గోడకి ఈ వానాకాలం పూత వేయకుండా ఇటుక కనిపించేలానే వదిలేస్తున్నాం, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు. కాలువ మూలలో విరిగిన రెండు గాజుపలకల చోట కొత్తవి పెట్టాం. మృగశిర కార్తెకి ముందు ఒకసారి, మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు ఒకసారి చూడాలి. అవి నిలిస్తేనే ఆ మూల బీట నింపడానికి సున్నం నానేస్తాం.