పదహారు ముద్దలు

ఆషాఢం, శుక్రవారం రాత్రి

వానల వల్ల ఈరోజు బడికి సెలవని నిన్న రాత్రి తొమ్మిది దాటాక తెలిసింది. పిల్లలు ఐదుగురూ మంచాలెక్కి గంతులు వేశారు. నేను వంటింట్లోకి వెళ్ళి డబ్బాల మూతలు ఒక్కొక్కటీ తీసి చూసుకున్నాను. నెలాఖరు. కందిపప్పు అరకిలోకు తక్కువే. పెసరపప్పు ఫరవాలేదు. నూనె ఒక ప్యాకెట్టు. కూరగాయల బుట్టలో ఒక సొరకాయ, నాలుగు టమాటాలు, పచ్చిమిరపకాయలు.

బడి ఉన్న రోజు నలుగురి మధ్యాహ్న భోజనం అక్కడే అవుతుంది. బుజ్జిగాడికి అంగన్‌వాడీలో పెడతారు. సెలవంటే ఒక్క పూటకు ఐదు కంచాలు పెరుగుతాయి. బడి భోజనానికి మా రాష్ట్రంలో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ ఊరు లంకల గన్నవరం మా అత్తయ్య పుట్టింటికి దగ్గరే. 1909లో పోయిన మనిషి గురించి అత్తయ్య మొన్న చూసి వచ్చినట్టు చెబుతారు. గోదావరి పాయ దాటి ఆకలితో ఎవరు ఏ వేళకు వచ్చినా లేచి పొయ్యి వెలిగించేదట. వచ్చినవాణ్ణి ‘ఎంత తింటావు?’ అని మాత్రం అడిగేది కాదట. ఎన్నోసార్లు విన్న మాటే. ఈరోజు రోజంతా అది నా మనసులో తిరుగుతూనే ఉంది. ఎందుకో రాస్తాను.

ఇంట్లో పదకొండు మందిమి. ఆయన రాజమండ్రి తాడితోటలో బట్టల దుకాణంలో గుమాస్తా. ఆషాఢంలో పెళ్ళి ముహూర్తాలు ఉండవు, అందుకని బేరాలు పలచన. మరిది సెంట్రింగ్ పనికి వెళతాడు, వాన పడితే ఆ పని లేదు. తోడికోడలు జాకెట్లు కుడుతుంది, శ్రావణం వస్తేగాని మిషను తీరిక లేకుండా తిరగదు. మూడు సంపాదనలూ ఒకే నెలలో తగ్గుతాయి, కాబట్టి ఏటా వేసవి నుంచే ఈ నెలకు జాగ్రత్త పడతాం. వడియాలు, చల్లమిరపకాయలు, ఆవకాయ అప్పుడే పెట్టుకుంటాం. రేషన్ కార్డులో పది పేర్లున్నాయి, మనిషికి 5 కిలోల చొప్పున 50 కిలోల బియ్యం వస్తాయి. సగం రాత్రి వంటకు పోతాయి. మిగతా సగం కడిగి ఆరబెట్టి మరలో రవ్వ ఆడిస్తాను, ఉదయం ఫలహారాలన్నీ ఆ రవ్వ మీదే నడుస్తాయి. మధ్యాహ్నానికి 26 కిలోల సన్నబియ్యం బస్తా ఒకటి కొంటాం.

కార్డులో లేని పదకొండో పేరు మా ఆడపడుచు కొడుకు పెద్దబాబుది. వాడికి పదకొండేళ్ళు. వాళ్ళ నాన్న లేరు. వాళ్ళమ్మ కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తోంది. వాడు ఏడాదిగా మా దగ్గరే ఉండి చదువుకుంటున్నాడు.

ఉదయం ఉప్పుడుపిండి చేశాను. తిరగమోతలో గుప్పెడు పెసరపప్పు వేసి, గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల నీళ్ళ లెక్కన పోసి, మందపాటి గిన్నెలో సన్నసెగ మీద మగ్గనిచ్చాను. అడుగున పట్టిన మాడుచెక్క కోసం పిల్లలు కొట్టుకున్నారు. ఐదు ముక్కలు చేసి పంచితేగాని ఊరుకోలేదు.

మామయ్య టీవీ ముందు కూర్చుని ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం ఎంతో చూస్తున్నారు. 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఇంకా అంత రాలేదు. కానీ లంకల్లోకి నీళ్ళు వస్తాయన్న మాట పుడితే చాలు, బెండ, దొండ, బీర అన్నీ ఒక్కసారిగా ప్రియమవుతాయి. మన ఊరికి వచ్చే కూరల్లో చాలా భాగం ఆ లంక తోటలవే కదా. మరిది రైతుబజారుకు వెళ్ళి, బోర్డు మీద ధరలు చూసి, కొత్తిమీర కట్ట ఒకటి తెచ్చి “వదినా, ఈరోజుకు ఇంతే” అన్నాడు. మంచిపనే చేశాడు. పెరట్లో మునగచెట్టు ఉంది. ఆషాఢంలో మునగాకు తినాలని అత్తయ్య ఎలాగూ అంటూనే ఉన్నారు.

తోడికోడలు గొడుగు పట్టుకుని వెళ్ళి రెండు కొమ్మలు విరిచి తెచ్చింది. పాత చీర పరిచి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టాం. మునగాకు దూయడం పెద్దవాళ్ళకు విసుగు, పిల్లలకు ఆట. రెమ్మ కొస పట్టుకుని కిందికి దూస్తే ఆకు జలజలా రాలుతుంది. పుల్ల మాత్రం కలవకూడదు. ఎవరి కుప్పలో పుల్లలు తక్కువుంటే వాళ్ళే గెలిచినట్టని అమ్ములు నియమం పెట్టింది. ముప్పావుగంట ఇల్లు ప్రశాంతంగా ఉంది. పనిలో పనిగా చాటలో బియ్యం పోసి ఇచ్చాను. చిన్ని కొన్ని తెల్లటి గింజలు ఏరి “పెద్దమ్మా, ఇవి ప్లాస్టిక్ బియ్యం” అని విడిగా పెట్టింది. అవి పారేయకూడదని పెద్దబాబే దానికి నచ్చజెప్పాడు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి తయారు చేసిన గింజలవి, వంద బియ్యపు గింజలకు ఒకటి చొప్పున కలుపుతారని బడిలో చెప్పారట. అత్తయ్య కూడా చెవి ఒగ్గి విన్నారు.

ఆ తరువాత గోల మొదలైంది. బయటికి పోవడానికి లేదు. ఫోను ఇస్తే నోరెత్తరు, తిరిగి తీసుకుంటే ఇల్లు పీకి పందిరి వేస్తారు. సుద్దతో గడులు గీసి, చింతగింజలు ఒకవైపు అరగదీసి ఇస్తే అష్టాచెమ్మ కాసేపు ఆడారు. పండు ఓడిపోయి ఏడ్చాడు, ఆట అక్కడితో ముగిసింది. అప్పుడు అత్తయ్య లేచారు. పక్కింటివాళ్ళు నిన్న ఇచ్చిన గోరింటాకు తడి బట్టలో చుట్టి పెట్టి ఉంది. చింతపండు వేసి రోట్లో కాటుకలా రుబ్బారు. ఐదుగురి పది చేతులూ వరసగా చాపించి వేళ్ళకు టోపీలు పెట్టి, అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు పెట్టారు. పెద్దబాబు మొదట సిగ్గుపడ్డాడు. బుజ్జిగాడు “నువ్వు కూడా పెట్టుకో బావా” అని చొక్కా పట్టుకుని లాగేసరికి చేతులు చాపాడు.

వంట అయ్యేసరికి ఒంటిగంట. సొరకాయ ముక్కలు వేసిన పప్పుచారు, మునగాకు పెసరపప్పు కూర, మజ్జిగ, వేయించిన చల్లమిరపకాయలు, గుప్పెడు వడియాలు. గోరింటాకు ఇంకా ఆరలేదు. “ఇప్పుడు కడిగితే పండదు” అన్నారు అత్తయ్య. పెద్ద బేసినులో అన్నం వేసి, పప్పుచారు పోసి కలిపి, అరుగు మీద కూర్చున్నాను. పిల్లలు చేతులు దూరంగా చాపుకుని నా ఎదుట అర్ధచంద్రాకారంలో కూర్చున్నారు. పెద్దబాబు లేవబోయాడు. “నేను తరువాత తింటాను అత్తయ్యా.”

“కూర్చో నాన్నా. నీకొక్కడికీ మళ్ళీ ఎవరు పెడతారు?” అన్నాను. వరసలో చివర కూర్చున్నాడు.

వేళ్ళతో ముద్ద గుండ్రంగా చేసి, నడుమ వడియం ముక్క నొక్కి, ఒక కొస నుంచి మొదలుపెట్టి ఆ కొస దాకా పెడుతూ వచ్చాను. అడగడం లేదు, వడ్డించడం లేదు, ఎవరికెక్కువ ఎవరికి తక్కువ అన్న పేచీ లేదు. ముద్ద వస్తుంది, నోరు తెరుస్తారు. బుజ్జిగాడు ఐదో ముద్దకు తల తిప్పేసుకున్నాడు. చిన్ని ఎనిమిది, పండు తొమ్మిది. అమ్ములు పదకొండో ముద్ద నమిలి “చాలమ్మా” అంది.

పెద్దబాబు చాలు అనలేదు.

రోజూ వాడు రెండుసార్లు వేయించుకుని, మూడోసారి గరిటె ఎత్తగానే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి “చాలు అత్తయ్యా” అంటాడు. తిండి తక్కువ పిల్లవాడనుకున్నాను. అలా అని వాళ్ళమ్మకు ఫోనులో చెప్పాను కూడా. ఈరోజు అడ్డం పెట్టడానికి చేతులు ఖాళీగా లేవు. పన్నెండో ముద్ద తిన్నాడు. పదమూడోది. మజ్జిగ పోసి మళ్ళీ కలిపాను. కళ్ళు దించుకుని నేల చూస్తూ, ముద్ద దగ్గరికి రాగానే నోరు తెరిచేవాడు. పదహారు ముద్దలు తిని, అప్పుడు చాలన్నాడు.

బేసిను కడుగుతుంటే తోడికోడలు పక్కకు వచ్చి మెల్లగా అంది. “అక్కా, వాడు రాత్రిళ్ళు లేచి గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగుతాడు. దాహమేమో అనుకున్నాను.”

ఏడాదిగా మా ఇంట్లో బియ్యం లెక్క ఇంచుమించు సరిగ్గా నడుస్తోంది. వాడు వచ్చాక ఒక మనిషి పెరిగినా బియ్యం నెల దాటి రెండు రోజులు వస్తున్నాయని ఆయనతో గొప్పగా చెప్పుకున్నాను. నా పొదుపని మురిసిపోయాను. ఆ రెండు రోజుల బియ్యం ఎవరి కంచంలోవో ఈరోజు తెలిసింది. వాళ్ళమ్మ నెలనెలా వాడి ఖర్చుకు డబ్బు పంపుతూనే ఉంది. పంపకపోయినా మేము లెక్క చూసే రకం కాదు. ఈ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. నెలాఖరులో నేను డబ్బాలు తట్టి చూసుకోవడం, పైసలు లెక్కపెట్టడం వాడి ఎదుటే జరిగాయి. చూసి నేర్చుకున్నాడు.

వాడిని కూర్చోబెట్టి అడుగుదామని సాయంత్రం రెండుసార్లు దగ్గరికి వెళ్ళాను. అడగలేదు. అడిగితే సిగ్గుపడి, రేపటి నుంచి ఇంకా జాగ్రత్తగా దాచుకుంటాడు. రాత్రి మామూలుగానే కంచాలు పెట్టాను. వాడు చెయ్యి అడ్డం పెట్టేలోపే మూడో గరిటె వేసేశాను. “కాస్త పులుసు పోసుకో” అని గిన్నె వాడి పక్కనే పెట్టి, అటు తిరిగి పండుకు కలుపుతూ కూర్చున్నాను. తిరిగి చూసేసరికి కంచం ఖాళీ.

పదింటికి కువైట్ నుంచి వీడియో ఫోను వచ్చింది. అక్కడ ఏడున్నర, తనకు పని అప్పుడే తెములుతుంది. వాడు రెండు అరచేతులూ కెమెరాకు అంటించినంత దగ్గరగా పెట్టాడు. అందరికన్నా వాడికే ఎర్రగా పండింది. “ఏం తిన్నావు నాన్నా?” అని ఆడపడుచు అడిగింది. “అత్తయ్య ముద్దలు పెట్టింది” అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. ఫోను నాకిచ్చి పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

రేపు దిబ్బరొట్టె. మినప్పప్పు నానబోశాను, రవ్వ కడిగి పెట్టాను. అత్తయ్య ఇచ్చిన ఇత్తడి సోలతో రాత్రి అన్నానికి ఎప్పుడూ మూడు సోలల బియ్యం కొలుస్తాను. సోలంటే నాలుగు గిద్దలు. రేపటి కొలత ఈ రాత్రే గిన్నెలో పోసి మూత పెట్టాను, మూడు సోలలు, పైన ఒక గిద్ద.