ఆర్మీ డిస్పోజల్ జీపుకు ఆల్టర్నేటర్: ప్లేటు మీద అంకె చూసి కొనకండి

ఆర్మీ వేలంలో వచ్చిన జీపులో గానీ జోంగా అనే సైనిక జీపులో గానీ హెడ్‌లైట్లు మసకబారుతున్నాయంటే, మద్రాసు పుదుపేట పాత సామాన్ల బజారులో ఏ కొట్టు ముందు నిలబడినా ఒకటే సలహా: 75 ఆంప్స్ ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే యంత్రం) ఒకటి వేయించేయండి, ఇక చూసుకోనక్కర్లేదు. అందులో నిజం సగమే. ప్లేటు మీద 75 ఆంపియర్లు అని ఉంటే, అది ఆల్టర్నేటర్ షాఫ్టు నిమిషానికి సుమారు 6000 చుట్లు తిరుగుతున్నప్పుడు వచ్చే కరెంటు. మౌంట్ రోడ్డు సిగ్నల్లో ఇంజన్ 700 దగ్గర గునుస్తున్నప్పుడు, అదీ మే నెల ఎండకు బానెట్ కింద మసిలిపోతున్నప్పుడు, అందులో మూడో వంతు వస్తే గొప్ప. ఆ వచ్చినదాంట్లో కూడా కొంత పాత తీగల్లో వేడిగా పోతుంది. కాబట్టి ఈ పనిలో ఆల్టర్నేటర్ కొనడం చిన్న భాగం. పుల్లీ, తీగ, ఎర్త్ (కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి) ఈ మూడే పెద్ద భాగం.

ముందు బండి ఎన్ని ఓల్టులదో తేల్చుకోండి. సైన్యం బళ్ళలో 12 ఉన్నాయి, 24 ఉన్నాయి, రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ అయితే 6 కూడా. రెండు బ్యాటరీలు కనబడ్డాయి కదా అని 24 అనుకోవద్దు. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి ఉంటే అది 12 ఓల్టులే. సెల్ఫ్ మోటారు ప్లేటు, బల్బు మీది అచ్చు చదవండి, మల్టీమీటర్ పెట్టి చూడండి. బాడీకి ఏ కొస కలిపారో కూడా చూడండి. పాత బళ్ళలో ప్లస్ ఎర్త్ ఉన్నవీ తగులుతాయి. ఆల్టర్నేటర్‌ను తిరగేసి కలిపితే లోపలి డయోడ్లు (కరెంటును ఒకే వైపు పోనిచ్చేవి) ఆ క్షణమే పోతాయి, రెండో అవకాశం ఉండదు.

24 ఓల్టుల బండిని 24 గానే ఉంచడం మంచిదని మా అభిప్రాయం. 12కు మార్చాలంటే సెల్ఫ్ మోటారు, ఇగ్నిషన్ కాయిల్, వైపర్ మోటారు, మీటర్లు, హారన్, ప్రతి బల్బూ మార్చాలి. పైగా లాభం ఏమీ లేదు: 28 ఓల్టుల దగ్గర 45 ఆంపియర్లు అంటే 1260 వాట్లు, 14 ఓల్టుల దగ్గర అదే శక్తికి 90 ఆంపియర్లు కావాలి, తీగ రెట్టింపు లావుది వేయాలి. లారీల, బస్సుల ఆల్టర్నేటర్లు 24 ఓల్టులవే కాబట్టి మద్రాసులో వాటికి కరువు లేదు. ఫోను ఛార్జింగుకు, పాటలకు 24 నుంచి 12కు దించే కన్వర్టర్ ఒకటి రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో కొంటే చాలు. రెండు బ్యాటరీల మధ్య జాయింటు నుంచి 12 ఓల్టులు లాగే చిట్కా మాత్రం వద్దు. ఎర్త్ వైపున్న కింది బ్యాటరీ ఎప్పుడూ ఆకలితో, పై బ్యాటరీ ఎప్పుడూ అతిగా ఛార్జవుతూ, రెండూ తొందరగా పోతాయి.

ఇక్కడి నుంచి 12 ఓల్టుల పెట్రోలు బండి లెక్కే చెప్తాను. వాన రాత్రి నడుస్తున్న బండిని ఊహించుకోండి. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు, సుమారు 8 ఆంపియర్లు. పార్కింగు, డ్యాష్ బల్బులు 3. ఇగ్నిషన్ 4, వైపర్ 4, బ్లోయర్ 7, రేడియేటర్‌కు ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టి ఉంటే 15, ఫోను, పాటలు 4. మొత్తం 45. ఏసీ బిగిస్తే క్లచ్‌కు 4, కండెన్సర్ ఫ్యానుకు 8 కలిసి 57. నిలకడగా లాగే లోడు ఆల్టర్నేటర్ రేటింగులో నాలుగింట మూడు వంతులు దాటకూడదు అనుకుంటే, ఏసీ లేని బండికి 60 నుంచి 65, ఏసీ ఉన్నదానికి 75 నుంచి 90 సరిపోతుంది. విన్చ్‌ను (బరువులు లాగే తాడు చుట్టిన మోటారు) ఈ లెక్కలో కలపకండి. పూర్తి బరువు లాగేటప్పుడు అది 300 ఆంపియర్లు దాటిపోతుంది, ఆ పని బ్యాటరీదే. ఆల్టర్నేటర్ తర్వాత తీరిగ్గా పూడుస్తుంది.

ఇప్పుడు పుల్లీ. బెల్టును తిప్పే ఇంజన్ క్రాంక్ పుల్లీ 150 మిల్లీమీటర్లు, పాత డైనమో (ఆల్టర్నేటర్‌కు ముందు కాలపు యంత్రం) పుల్లీ 90 అనుకుందాం. నిష్పత్తి 1.67. ఇంజన్ 700 దగ్గర ఉంటే షాఫ్టు 1170 చుట్లు తిరుగుతుంది. చాలా ఆల్టర్నేటర్లు ఛార్జింగు మొదలుపెట్టేదే 1000, 1200 మధ్య. అంటే సిగ్నల్లో మీకు దాదాపు సున్నా. అదే ఆల్టర్నేటర్‌కు 65 మిల్లీమీటర్ల పుల్లీ వేస్తే నిష్పత్తి 2.3, షాఫ్టు 1600 దాటుతుంది, 75 ఆంప్స్ యూనిట్ నుంచి 25, 30 దాకా రాబట్టవచ్చు. 45 లోడుకు ఇంకా 15, 20 తక్కువే, అది బ్యాటరీ ఇస్తుంది. 60 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ అరగంట సేపు ఆ లోటు మోస్తే పోయేది 10 ఏహెచ్ లోపే. బండి కదిలాక మళ్ళీ నిండుతుంది. పై వేగం సంగతీ చూసుకోవాలి: పాత పెట్రోలు ఇంజన్ వేగం 3800 దాటదనుకుంటే షాఫ్టు 8800 దగ్గర ఉంటుంది. సాధారణంగా 12,000 పైన తట్టుకునేలా తయారవుతాయి కాబట్టి భయం లేదు. అయితే 60 కంటే చిన్న పుల్లీ జోలికి పోవద్దు. బెల్టు చుట్టుకునే చోటు తగ్గి జారుతుంది.

బెల్టు ఎంత మోస్తుందో కూడా తెలిసి ఉండాలి. 70 ఆంపియర్లు, 14 ఓల్టులు అంటే 980 వాట్లు. ఆల్టర్నేటర్ సామర్థ్యం సుమారు 55 శాతం కాబట్టి ఇంజన్ నుంచి లాగేది 1780 వాట్లు, రెండున్నర హార్స్‌పవర్‌కు కాస్త తక్కువ. ఒంటి వీ బెల్టు మీద 80 ఆంపియర్లు దాటితే తడిసిన రోజున కీచుమంటుంది. అంతకు మించి కావాలంటే జంట బెల్టు పుల్లీలు చేయించాలి, లేదా ఆశ తగ్గించుకోవాలి. రెండోది చౌక. కొత్త కార్ల ఆల్టర్నేటర్లకు గీతల బెల్టు పుల్లీ వస్తుంది, మీ బెల్టు వీ ఆకారం. షాఫ్టు లావు కొలిచి పాత వీ పుల్లీ వెతకండి, దొరక్కపోతే అంబత్తూరు వైపు ఏ లేత్ షాపులోనైనా తిప్పిస్తారు. బెల్టు పై అంచు పుల్లీ అంచుకు సమంగా ఉండాలి. అడుగు తాకిందంటే పక్క గోడలు పట్టుకోవడం మానేశాయన్నమాట, ఎంత బిగించినా జారుతుంది.

ఏది కొనాలి అంటే, మద్రాసులోని పాడి ప్రాంతంలో తయారయ్యే లూకాస్ టీవీఎస్ యూనిట్లకు ఇక్కడ బ్రష్‌లు, రెగ్యులేటర్ (ఓల్టేజీని అదుపు చేసేది), బేరింగులు స్పేర్ పార్టుల బజారు జీపీ రోడ్డులో సులువుగా దొరుకుతాయి. రిపేరు చేసే చేతులూ ఎక్కువే. అది చిన్న విషయం కాదు. సుజుకీ కార్ల డెన్సో యూనిట్లు బరువు తక్కువ, ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు) కాస్త మెరుగు. కొత్త తరం కార్లవి మాత్రం ముట్టుకోవద్దు. వాటి ఓల్టేజీని ఇంజన్ కంప్యూటర్ నడిపిస్తుంది, మీ జీపులో ఆ కంప్యూటర్ లేదు. సెకండ్‌హ్యాండ్ కొంటుంటే బ్రష్‌లు తీయించి, అవి ఆనే రెండు స్లిప్ రింగుల మధ్య నిరోధం కొలవండి: 12 ఓల్టుల రోటర్‌కు (లోపల తిరిగే తీగచుట్టకు) 3 ఓమ్‌ల చుట్టుపక్కల చూపాలి, రింగుకూ షాఫ్టుకూ మధ్య ఏమీ చూపకూడదు. బెంచి మీద పరీక్షిస్తే చల్లగా ఉండగా ఒకసారి, పది నిమిషాలు లోడు మీద నడిపాక ఒకసారి చూడమనండి. వేడెక్కాక చేతులెత్తేసేవే ఎక్కువ.

పుదుపేటలో కుప్పగా కనిపించేవి డీజిల్ బళ్ళ ఆల్టర్నేటర్లు. వీటి వెనక చిన్న డబ్బాలా వ్యాక్యూమ్ పంపు ఉంటుంది, బ్రేకు తొక్కడం తేలిక చేసే బ్రేక్ బూస్టర్ కోసం. పెట్రోలు ఇంజన్‌కు అది అక్కర్లేదు, ఇంజన్‌లోకి గాలి వెళ్ళే ఇంటేక్ మేనిఫోల్డ్ నుంచే వ్యాక్యూమ్ వస్తుంది. పంపుకు నూనె గొట్టం కలపకుండా అలాగే తిప్పితే లోపలి పలకలు అరిగి పొడి అవుతాయి. పంపు విప్పేసి ఊరుకుంటే వెనక షాఫ్టు దగ్గర దుమ్ము, నీళ్ళు దూరతాయి, అక్కడ మూత వేయించాలి. జబల్పూర్‌లో నిస్సాన్ లైసెన్సు మీద తయారైన జోంగాకు పుట్టుకతో ఉన్నది 4 లీటర్ల పెట్రోలు ఇంజన్. దాని స్థానంలో డీజిల్ ఎక్కించి ఉంటే కథ తిరగబడుతుంది, ఈ పంపు లేకుండా బ్రేకు పెడలు తొక్కలేనంత గట్టిగా రాయిలా అవుతుంది. అప్పుడు నూనె వచ్చే గొట్టం సన్నగా ఉన్నా ఫర్వాలేదు, తిరిగి సంపుకు (ఇంజన్ అడుగున నూనె తొట్టికి) పోయే గొట్టం లావుగా, ఎక్కడా మెలిక లేకుండా కిందికి వాలి ఉండాలి. అక్కడ నూనె నిలిస్తే సీల్ దాటి ఆల్టర్నేటర్ లోపలికి వస్తుంది. నల్లటి జిడ్డుతో ఉన్న బ్రష్‌లు కనిపిస్తే కారణం సాధారణంగా ఇదే.

బ్రాకెట్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. 8 మిల్లీమీటర్ల ఇనప పలక, మూలల్లో అడ్డ పలక, 8.8 గ్రేడు బోల్టులు. బ్రాకెట్టుకూ ఆల్టర్నేటర్ చెవికీ మధ్య సందు మిగిలితే బోల్టు బిగించి లాక్కోవద్దు, వాషర్లతో సందు నింపండి. అల్యూమినియం చెవి వంగదు, పగులుతుంది. పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో ఇనప స్కేలు ఆనించి చూడండి, తేడా 1 మిల్లీమీటరు మించకూడదు.

తీగ దగ్గర కొంచెం ఆగాలి. పాత ఏర్పాటులో డైనమో కరెంటు కటౌట్ పెట్టెకు (డైనమో ఛార్జింగును అదుపు చేసే పెట్టె), అక్కడి నుంచి డ్యాష్‌బోర్డు ఆమ్మీటర్‌కు, మళ్ళీ బ్యాటరీకి వెళ్తుంది. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 4 మీటర్ల దూరం 70 ఆంపియర్లు మోస్తే 1.2 ఓల్టులు దారిలోనే పోతాయి, తీగ పొగలు కక్కుతుంది. 30 ఆంప్స్ ఆమ్మీటర్ వెనక స్క్రూలు ఎర్రబడతాయి, అదీ మీ మోకాళ్ళ పైన. కాబట్టి ఆల్టర్నేటర్ బీ ప్లస్ (కరెంటు బయటికి వచ్చే టెర్మినల్) నుంచి బ్యాటరీకి నేరుగా 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేయండి. మీటరున్నర దూరానికి 70 ఆంపియర్ల దగ్గర పోయేది 0.12 ఓల్టే. వెల్డింగ్ కేబుల్ బాగా పనికొస్తుంది, కానీ కొనే ముందు ఒక పోగు గీకి చూడండి. రాగి పూత కింద తెల్లటి అల్యూమినియం కనిపిస్తే వదిలేయండి. కేబుల్ కొసలకు వేసే లగ్గులను సుత్తితో కొట్టకుండా హైడ్రాలిక్ టూలుతో నొక్కించండి. 75 ఆంప్స్ యూనిట్‌కు 100 ఆంప్స్ బోల్టు ఫ్యూజు, బ్యాటరీ పక్కనే. కేబుల్ ఎక్కడ రాసుకుని బాడీకి తగిలినా అందులోకి దూకేది బ్యాటరీ కరెంటే కాబట్టి ఫ్యూజు ఆ చివరే ఉండాలి. ఆమ్మీటర్ తీసేసి ఆ రంధ్రంలో ఓల్ట్‌మీటర్ పెట్టండి. కటౌట్ పెట్టెను అందం కోసం ఉంచుకోవచ్చు, దాని ఫీల్డ్, ఆర్మేచర్ తీగలు విడదీసి కొసలు మూసేయండి. బ్యాటరీ నుంచి వచ్చే తీగను, లోడ్లకు పోయే తీగను ఒక స్టడ్ మీద కలపండి.

ఛార్జింగు లైటు అలంకారం కాదు. రోటర్‌కు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. 2.2 వాట్ల బల్బు దాదాపు 0.18 ఆంపియర్లు పంపిస్తుంది. దాని బదులు ఎల్‌ఈడీ పెడితే ఆ కరెంటు చాలదు, ఒకసారి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కేదాకా ఛార్జింగు మొదలవదు. ఎల్‌ఈడీయే కావాలంటే పక్కన 68 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ కలపండి. బల్బు, రెసిస్టర్ ఏదీ లేకుండా తాళం తీగను నేరుగా ఆల్టర్నేటర్ మీది బల్బు టెర్మినల్‌కు కలిపితే, పెట్రోలు ఇంజన్ తాళం తీసినా ఆగకపోవచ్చు. ఆల్టర్నేటరే వెనక నుంచి ఇగ్నిషన్‌కు కరెంటు ఇస్తుంటుంది. డెన్సోలో ఐజీ అనే టెర్మినల్ తాళానికి, ఎల్ అనేది బల్బుకు, ఎస్ అనేది బ్యాటరీ ప్లస్‌కు చిన్న ఫ్యూజుతో వెళ్ళాలి. ఎస్ తీగ వదిలేస్తే రెగ్యులేటర్ బ్యాటరీ దగ్గర నిజంగా ఎంత ఉందో చూడలేదు.

సైన్యం బళ్ళలో ఎర్త్ పెద్ద తలనొప్పి, కారణం పెయింటు. ప్రతి మెయింటెనెన్సుకూ ఆకుపచ్చ మీద ఆకుపచ్చ పూస్తూ పోయారు. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి బ్యాటరీ మైనస్‌కు ఉన్న పట్టీలు విప్పి, లోహం మెరిసేదాకా గీకి, పళ్ళ వాషర్‌తో బిగించి, ఆ తర్వాత పైన గ్రీజు రాయండి. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) సముద్రపు గాలి తగిలే బండికి ఆ గ్రీజు తప్పనిసరి. ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కు ఇంకో 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఇంకా మంచిది.

మొదటిసారి స్టార్టు చేసే ముందు బ్యాటరీని ఛార్జర్‌తో నింపండి. చచ్చిన బ్యాటరీని కొత్త ఆల్టర్నేటర్‌తో బతికించాలని చూస్తే ఆ ఆల్టర్నేటర్ గంటసేపు పూర్తి లోడు మీద ఉడుకుతుంది. ఇంజన్ 1500 దగ్గర బ్యాటరీ కొసల మధ్య 13.8 నుంచి 14.4 ఓల్టులు కనిపించాలి. అన్ని లైట్లూ, బ్లోయరూ వేశాక 13.5 కంటే దిగకూడదు. అదే లోడులో మీటరు ఒక ముల్లు బీ ప్లస్ మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద పెడితే 0.2 లోపు రావాలి. ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.1 లోపు. ఎక్కడ ఎక్కువ చూపితే అక్కడ లగ్గు విప్పి మళ్ళీ శుభ్రం చేయండి. మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) ఓల్టులకు తిప్పి బ్యాటరీ మీద చూస్తే అర ఓల్టు దాటితే డయోడ్ ఒకటి పోయినట్టు. పాత మెకానిక్కులు ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి పరీక్షిస్తారు. డైనమో కాలపు అలవాటది. ఆల్టర్నేటర్ మీద చేస్తే ఓల్టేజీ ఒక్కసారిగా ఎగసి రెగ్యులేటర్‌నూ డయోడ్లనూ తీసుకుపోతుంది. చేయి చాపకముందే ఆపండి.

కొత్త బెల్టు మొదటి వంద, రెండు వందల కిలోమీటర్లలో సాగుతుంది. మధ్యలో బొటనవేలితో నొక్కితే 10 నుంచి 12 మిల్లీమీటర్లు వంగేలా మళ్ళీ బిగించండి. అప్పుడే బీ ప్లస్ నట్టు కూడా చూడండి, వేడికి వదులయ్యేది అదే. నీళ్ళు నిలిచిన వీధుల్లో బండి దించితే ఆ రోజే పైపుతో బురద కడిగి, ఇంజన్‌ను కాసేపు నడిపి ఆరనివ్వండి. బురద బ్రష్‌ల గూట్లో ఎండిపోతే బ్రష్ కదలదు, రెండు వారాల తర్వాత ఎర్ర లైటు వెలిగితే వాన సంగతి ఎవరికీ గుర్తు రాదు.