చందుర్తి చేను

గొల్లప్రోలు దగ్గర ఈ రోజు బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చందుర్తి పేరున్న బోర్డు కనిపించింది. దాని నీడలో ఒక మేక తీరిగ్గా నెమరు వేస్తోంది.

1758 డిసెంబరులో ఈ పరిసరాల్లోనే, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేన, ఏపుగా పెరిగిన చేను చాటున నిలిచిన ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ తెల్ల పటాలాన్ని గమనించక, ఎర్రకోట్లు తొడిగిన అతని దేశీ సిపాయీలనే ఇంగ్లీషువారనుకొని వారి మీదికి వెళ్లి దెబ్బతిన్నది. నాలుగు నెలలకే మచిలీపట్నం కోట కూడా చేజారింది.

ఆ చేను అప్పటికే కోతకోసి ఉంటే? విజయనగరం ఆనంద గజపతిరాజు పిలుపుతో వచ్చిన ఇంగ్లీషువారు వెనుదిరిగేవారేమో, కోస్తాలోని సర్కారు జిల్లాలన్నీ ఫ్రెంచి ఏలుబడిలో ఒక పెద్ద యానాం అయ్యేవేమో. అయితే 1760లో తమిళనాట వందవాశి దగ్గర ఇంగ్లీషువారి చేతిలో ఓడిన ఫ్రెంచివారు ఇక్కడ మాత్రం ఎన్నాళ్లు నిలిచేవారని నా అనుమానం. (చందుర్తిలో గెలిచి ఉంటే అసలు వందవాశిలో ఓడేవారా అన్నది మరో చిక్కు.)