మేడ మీద మిరప, మూడో పంట లెక్క

సంక్రాంతికి లెక్క తేలింది. కారం మిరపనూ క్యాప్సికంనూ సంకరం చేస్తే వచ్చిన మొక్కల గింజలతో పెంచిన 24 మొక్కల్లో 17 కారం, 7 చప్పన. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ ఇలాంటి రెండో తరానికి చెప్పిన 3:1 ప్రకారమైతే 18, 6 రావాలి. గుంటూరులో మా మేడ మీద ఈ రెండు అంకెలు చూడటానికి మూడు పంటలు పట్టింది.

మొదటి ఏడాది డిసెంబరులో బెంగుళూరు మిరపను, అదే క్యాప్సికంను, తల్లిగా పెట్టి మన గుంటూరు సన్నం అనే కారం మిరప పుప్పొడి అద్దాను. మర్నాడు విచ్చుకునే మొగ్గను సాయంత్రమే ఎంచుకోవాలి. సన్న పట్టకారుతో రేకులు విప్పి, పుప్పొడి తిత్తులు పగలకముందే తీసేయాలి. పొద్దున్నే పుప్పొడి అద్ది, పల్చటి గుడ్డ సంచి తొడిగి, తొడిమకు ఎర్ర దారం కట్టాను. 11 పువ్వులకు చేస్తే నిలిచినవి 3 కాయలు. మొగ్గ కొంచెం నలిగినా రాలిపోతుంది.

ఆ కాయ పండగానే కోసి కొరికాను. చప్పగా ఉంది! సంకరం కుదరలేదని రెండు రోజులు బాధపడ్డాను. తర్వాత అర్థమైంది: కాయ కండ, గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగం తల్లి మొక్కవే. కారం తయారయ్యేది ఆ తెల్లటి భాగంలోనే. తండ్రి వాటా ఉన్నది గింజలో మాత్రమే. కాబట్టి గింజ మొలిచి, మొక్కై, దాని కాయ పండేదాకా ఆగాల్సిందే. జులైలో ఆ గింజలు వేస్తే వచ్చిన 6 మొక్కలూ కారమే. క్యాప్సికంలో కారం లేకపోవడానికి కారణం రెండో క్రోమోజోమ్ మీది పన్1 జన్యువు చెడిపోవడం. ఒక్కో జన్యువుకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులు ఉంటాయి; వాటిలో ఒక్కటి మంచిదైనా కారం వస్తుంది, చప్పదనం లోపల దాక్కుంటుంది. బయటి పుప్పొడి తగలకుండా ఆ 6 మొక్కల పువ్వులకూ సంచులు తొడిగి, వాటి గింజలతో ఈ 24 మొక్కలు పెంచాను.

రుచి చూసింది నేనూ, అమ్మా. తెల్లటి భాగాన్ని చిన్న ముక్క కోసి నాలుకకు తాకించడం, మధ్యలో పెరుగు, రోజుకు నాలుగు కాయలకు మించకుండా. "ఇది కూరకి పనికొస్తుంది కానీ పచ్చడికి కాదురా" అని అమ్మ అన్న కాయలన్నీ ఆ ఏడు మొక్కలవే. కారం మొక్కల్లోనూ ఘాటు ఒకేలా లేదు. ఎంత ఘాటు అన్నది చాలా జన్యువులూ, వాతావరణమూ కలిసి తేల్చేది, దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఈ దాగుడు లక్షణం తెలిశాకే బాపట్ల సాంబ మసూరి కథ విలువ అర్థమైంది. 1986లో వచ్చిన ఆ వరికి ఎండాకు తెగులు తట్టుకునే మూడు జన్యువులు చేర్చి, 2008లో మెరుగైన రకంగా విడుదల చేశారు. వాటిలో ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 కూడా నా చప్పదనంలా ఒక్క ప్రతి ఉంటే బయటపడనివే. అందుకే డీఎన్‌ఏ మార్కర్లతో, అంటే జన్యువు ఉందో లేదో చెప్పే గుర్తులతో, నారు దశలోనే పట్టుకుని ఎంచారు. నేను కాయ పండేదాకా కూర్చోవాలి.

ఇప్పుడు 17 కారం మొక్కల్లో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 11, చప్పదనాన్ని దాచుకుని ఉండాలి. అలాంటి మొక్క గింజల్లోంచి కొన్ని చప్పటి మొక్కలు వస్తాయి. అవి ఏవో తేల్చడానికి ఒక్కో మొక్క గింజలు విడివిడిగా నీడలో ఆరబెట్టి, కాగితం కవర్ల మీద మొక్క నంబరు రాశాను. మేడ మీద చోటు చాలదు కాబట్టి జులైలో మొదట 5 మొక్కల గింజలే, ఒక్కోదానికి 12 చొప్పున నారు పోస్తాను.