ఎస్‌ఈఓ మనిషిని పెట్టుకోవాలా వద్దా? తేల్చుకోవడానికి నాకు ఐదు వారాలు పట్టింది

నేను ఆన్‌లైన్‌లో బొమ్మలు వేయడం నేర్పుతాను. పెన్సిల్ స్కెచింగ్, వాటర్‌కలర్, కాస్త పోర్ట్రెయిట్. ఎనిమిదేళ్లుగా నా దగ్గర చేరినవాళ్లలో సగానికి పైగా గూగుల్‌లో వెతుక్కుంటూ వచ్చినవాళ్లేనట. వాళ్లు రావడం తగ్గాక గానీ ఆ సంగతి నాకు తెలియలేదు. సైట్ పాతబడిందని ఒక డెవలపర్‌తో కొత్తగా చేయించాను. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది, ఫోన్‌లోనూ బాగా కనిపిస్తోంది. రెండు నెలలు తిరిగేసరికి వారానికి పది, పన్నెండు వచ్చే ఎంక్వైరీలు రెండు, మూడుకి పడిపోయాయి.

"మీ సైట్‌లో చాలా తప్పులున్నాయి, గూగుల్ మొదటి పేజీకి తీసుకొస్తాం" అనే మెయిళ్లు నాకు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. సైట్‌ను గూగుల్ ఫలితాల్లో పైకి తెచ్చే ఈ పనినే ఎస్‌ఈఓ (సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్) అంటారు. మునుపు చదవకుండా తీసేసేదాన్ని. ఇప్పుడు కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఇలాంటి మెయిళ్లు తమకూ వస్తాయని, 'మీ సైట్ సెర్చ్ ఇంజన్లలో కనిపించడం లేదు' అని తమకే రాస్తారని గూగుల్ వాళ్లు తమ సహాయ పేజీలో చెప్పుకున్నారు. అది చదివి నవ్వుకున్నాను గానీ, అప్పటికే అలాంటి మెయిల్ ఒకదానికి జవాబిచ్చేశాను.

మర్నాడే ఫోన్ వచ్చింది. తొంభై రోజుల్లో మొదటి స్థానం, గ్యారంటీ. తాము గూగుల్ పార్ట్‌నర్లమని కూడా చెప్పాడు. ఆ బ్యాడ్జి గూగుల్ ప్రకటనలు నడిపే ఏజెన్సీలకు ఇచ్చేదనీ, మామూలు సెర్చ్ ఫలితాలకూ దానికీ సంబంధం లేదనీ నాకు తర్వాత తెలిసింది. ఏ పదాలకు మొదటి స్థానం తెస్తారో రాసి పంపమన్నాను. ఐదు పంపాడు. వాటిలో మూడింటిలో నా సైట్ పేరే ఉంది! నా పేరు పెట్టి వెతికితే నేను ఎలాగూ మొదటే వస్తాను. మిగిలిన రెండూ ఎవరూ వెతకనంత పొడుగు మాటలు. అరచేతిలో వైకుంఠం చూపించడం అంటే ఇదే కాబోలు. గ్యారంటీ మాట అబద్ధం కాదు, దాన్ని దేనికి కట్టారన్నదే కిటుకు.

తమ్ముడికి చెప్తే వాడు ఒకటే అడిగాడు. "అక్కా, సెర్చ్ కన్సోల్ తెరిచి చూశావా?"

లేదు. మన సైట్ గూగుల్ సెర్చ్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ సాధనం అది. మొదటి సైట్ చేసినప్పుడు వాడే పెట్టి ఇచ్చాడు, ఉచితం, నేను ఒక్కసారి కూడా తెరవలేదు. అందులో పదహారు నెలల లెక్కలు కనిపిస్తాయి: ఏ మాట వెతికినప్పుడు నా పేజీ ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది. గ్రాఫ్ తెరవగానే కడుపులో తిప్పినట్టయింది. కొత్త సైట్ పెట్టిన వారంలోనే గీత మెట్టు దిగినట్టు పడిపోయింది. గూగుల్ నా మీద కక్ష కట్టలేదు, పోటీ పెరగలేదు. నేనే ఏదో చేశాను.

ఏం చేశానో పేజీల రిపోర్ట్‌లో దొరికింది. 404, అంటే పేజీ దొరకలేదు, అని 62 అడ్రసులు. కొత్త సైట్‌లో ప్రతి పాఠం అడ్రసూ మారిపోయింది. పాత అడ్రసుకి వచ్చినవాళ్లకు ఖాళీ పేజీ. ఏళ్లుగా వేరే వాళ్లు తమ సైట్లలో నా పాఠాలకు ఇచ్చిన లింకులన్నీ ఇప్పుడు గోడకు తగులుతున్నాయి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌కు వేసిన పునాదే అది కదా, ఒక పేజీకి ఇంకొకరు ఇచ్చే లింకును ఓటులా లెక్కపెట్టడం. నా ఓట్లన్నీ చిరునామా మారిన ఇంటికి వచ్చిన ఉత్తరాల్లా అయిపోయాయి.

డెవలపర్‌ని అడిగితే, "పాత పేజీల గురించి మీరేం చెప్పలేదు కదా మేడమ్" అన్నాడు. నిజమే, చెప్పలేదు. ఎస్‌ఈఓ తెలిసిన మనిషిని పెట్టుకోవాలనుకుంటే సైట్ మార్చే ముందే పెట్టుకోవడం మంచిదని గూగుల్ సలహా. నేనేమో చేతులు కాలాక ఆకులు వెతుకుతున్నాను.

పాత అడ్రసును కొత్తదానికి శాశ్వతంగా మళ్లించడాన్ని 301 రీడైరెక్ట్ అంటారు. నా సైట్ నడిచే వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్ అనే చిన్న అదనపు ప్రోగ్రామ్‌తో అయిపోతుంది. మొదట బద్ధకించి 62నీ హోమ్ పేజీకి మళ్లిద్దామనుకున్నాను. అలా చేస్తే సంబంధం లేని పేజీకి పంపారని గూగుల్ దాన్నీ దొరకని పేజీ కిందే లెక్కేస్తుందని చదివి ఆగాను. రెండు సాయంత్రాలు స్ప్రెడ్‌షీట్ ముందు కూర్చుని ఒక్కో పాత పాఠానికి దాని కొత్త అడ్రసు జత చేశాను. ఇక ఎవరూ అక్కర్లేదనుకున్నాను. ఆ ధీమా సరిగ్గా నాలుగు రోజులు నిలిచింది.

కొత్త సైట్‌లో విద్యార్థుల బొమ్మలకు ఒక గ్యాలరీ ఉంది. మాధ్యమం, స్థాయి, సైజు అని ఫిల్టర్లు. ఒక్కో ఫిల్టర్ నొక్కినప్పుడల్లా కొత్త అడ్రసు పుడుతోంది. మూడు ఫిల్టర్లు రకరకాలుగా కలిసి వేల అడ్రసులయ్యాయి, అన్నిట్లో ఉన్నది దాదాపు ఒకే సరుకు. సెర్చ్ కన్సోల్ నిండా ఒకదానికొకటి నకలు పేజీలని, చూశాం గానీ ఇండెక్స్ చేయలేదని (అంటే గూగుల్ జాబితాలో చేర్చలేదని) వరుసలు. వాటిని వెతుకులాట నుంచి తీసేయడానికి పేజీలో నోఇండెక్స్ (దీన్ని జాబితాలో చేర్చొద్దు) అని రాయాలని ఒకచోట, సైట్‌లో ఎక్కడికి రావచ్చో గూగుల్‌కి చెప్పే రోబోట్స్ ఫైల్‌లో అడ్డుపెట్టాలని ఇంకోచోట చదివాను. సరే, రెండూ చేసేద్దామని ఫైల్ తెరిచాను కూడా. తమ్ముడు ఆపాడు. రోబోట్స్ ఫైల్‌లో అడ్డుపెడితే గూగుల్ ఆ పేజీలోకి రాదు. రాకపోతే లోపల రాసిన నోఇండెక్స్ దానికి కనిపించదు. అంటే ఒక మందు ఇంకోదాన్ని చంపేస్తుందన్నమాట. భయమేసింది. 62 అడ్రసులు సర్దడం ఓపికతో అయ్యే పని. ఇది తెలిసినవాళ్ల పని.

అప్పటిదాకా 'ఎస్‌ఈఓ మనిషి కావాలా వద్దా' అని తల బాదుకున్నాను. ఇప్పుడు ప్రశ్న చిన్నదైంది: ఈ గ్యాలరీ చిక్కు ఎవరు విప్పుతారు?

తెలిసినవాళ్లు చెప్పిన ఇద్దరితో మాట్లాడాను. మొదటిది ఒక ఏజెన్సీ. మర్యాదస్తులే. నెలనెలా ప్యాకేజీ: ఎనిమిది వ్యాసాలు, ఇరవై బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి నా సైట్‌కి లింకులు), రంగుల రిపోర్ట్, పైగా ప్రతి పేజీకీ కీవర్డ్స్ ట్యాగ్, అంటే జనం వెతికే మాటలను పేజీ కోడ్‌లో రాసిపెట్టడం. ఆ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కి వాడడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. దానికి ఇప్పుడూ డబ్బు అడుగుతున్నారంటే మిగతావి ఎలా ఉంటాయోనని అనుమానం వచ్చింది. లింకులు ఎక్కడినుంచి తెస్తారని అడిగాను. "మా నెట్‌వర్క్ ఉంది లెండి" అన్నారు. ర్యాంకు కోసం కొన్న లింకులు గూగుల్ నియమాలకు విరుద్ధం. 2012 ఏప్రిల్‌లో గూగుల్ తన ర్యాంకింగ్ పద్ధతిలో పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది ముఖ్యంగా ఇలాంటివాటి మీదే. రేపు శిక్ష పడితే పడేది నా సైట్ మీద, వాళ్ల నెట్‌వర్క్ మీద కాదు. సెర్చ్ కన్సోల్‌లో ఓనర్ హక్కు కూడా అడిగారు. గ్యాలరీ గురించి మాత్రం ఒక్క మాట అడగలేదు.

రెండో ఆమె ఒంటరిగా పనిచేస్తుంది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "మీ దగ్గర చేరేవాళ్లు ఏ పేజీ చూసి చేరుతున్నారండీ?" నా దగ్గర జవాబు లేదు. చూసుకుని చెప్తానన్నాను. చూస్తే, నేను గర్వపడే పోర్ట్రెయిట్ పేజీ కాదు, పిల్లలకు నీడలు వేయడం నేర్పే పాత పాఠం! ఆమెకు సెర్చ్ కన్సోల్‌లో చూడ్డానికి మాత్రమే వీలుండే హక్కు చాలంది. ఫలితం ఎప్పటికి కనిపిస్తుందంటే నాలుగు నెలల నుంచి ఏడాది అంది. గూగుల్ చెప్పే మాటా అదే. "మీకిప్పుడు నెలనెలా మనిషి అక్కర్లేదు, ఒక ఆడిట్ చాలు, తర్వాత మీ డెవలపర్‌తో ఒకసారి కూర్చుంటాను" అని తనే చెప్పింది.

వెంటనే సరే అనలేదు. ఆమె పాత క్లయింట్ ఒకాయనకు ఫోన్ చేశాను. "ఆవిడ చెప్పినవాటిలో సగం మేం చెయ్యనే లేదండీ, చేసినంతవరకు పనిచేసింది" అన్నాడు. ఏ పొగడ్తకన్నా ఆ మాటే నచ్చింది. ఆమె ఫీజు రావాలంటే ఎంతమంది కొత్తగా చేరాలో లెక్కేశాను. నలుగురు. ఏజెన్సీకైతే ప్రతి నెలా ముగ్గురు చేరాలి, అదీ ఏడాదిపాటు.

ఆమెకే పని ఇచ్చాను. ఆడిట్ రిపోర్ట్ పదకొండు పేజీలు వచ్చింది. గ్యాలరీ సంగతి మొదట్లోనే: ఏ ఫిల్టర్ పేజీలు ఉంచాలి, ఏవి అసలు పేజీ వైపు చూపాలి, రోబోట్స్ ఫైల్‌ను ఎందుకు ముట్టుకోకూడదు. తర్వాత నేను ఊహించనివి రెండు. క్లాసుల పేజీలన్నిటికీ ఒకే టైటిల్ ఉంది. నేను స్కాన్ చేసి పెట్టిన బొమ్మలు ఎంత బరువంటే, పేజీలో ముఖ్యమైన భాగం కనబడడానికి గూగుల్ బాగుందనే 2.5 సెకన్లకు బదులు ఏడు పడుతోంది. గ్యాలరీ పైన పొడవాటి వివరణ రాయమని కూడా అంది. దానికి మాత్రం ఒప్పుకోలేదు. బొమ్మలు చూడ్డానికి వచ్చినవాళ్ల ముందు వ్యాసం పెట్టడం నాకు ఇష్టం లేదు. "మీ సైట్, మీ ఇష్టం" అని వదిలేసింది.

ఐదో నెలలో కనిపించడం పెరిగింది, ఆరో నెల నుంచి నొక్కడం. ఎంక్వైరీలు ఇప్పుడు వారానికి ఏడెనిమిది. ఇందులో నా రీడైరెక్టుల వాటా ఎంతో, ఆమె పని వాటా ఎంతో విడదీయలేను. పని అయిపోయాక సెర్చ్ కన్సోల్ యూజర్ల జాబితాలోంచి ఆమె పేరు తీసేశాను. తీసేయమని గుర్తుచేసిందీ ఆమే.

వాటర్‌కలర్ పేజీ మాత్రం గూగుల్ ఫలితాల్లో ఇంకా రెండో పేజీలోనే ఉంది. దానికి పైన ఉన్నవన్నీ చదివాను. వాటిలో మూడు నా పేజీ కంటే నిజంగానే బాగున్నాయి. అందుకే దాన్ని ఈ నెల మొదటినుంచి మళ్లీ రాస్తున్నాను. కాగితం తడి ఆరే ఒక్కో దశకీ ఒక్కో ఫోటో, ఈసారి తేలిక సైజులో.