అపరాధ సహస్రాణి సరే, ఆ ఒక్కటి సంగతేంటి?

పూజ అయిపోయి లేవబోయే ముందు గబగబా చదివేసే శ్లోకం ఒకటుంది కదా, 'అపరాధ సహస్రాణి క్రియంతేఽహర్నిశం మయా, దాసోఽయమితి మాం మత్వా క్షమస్వ పరమేశ్వర' అని. రాత్రీ పగలూ వేల తప్పులు చేస్తూనే ఉంటాను, వీడు నా దాసుడేలే అనుకుని క్షమించు స్వామీ అని అర్థం. చిన్నప్పట్నుంచీ నోటికొచ్చిన శ్లోకమే, కానీ ఈమధ్య ఒకరోజు 'సహస్రాణి' దగ్గర టక్కున ఆగిపోయా. వెయ్యి తప్పులు ఒప్పుకోడం ఎంత ఈజీనో ఒక్కటి ఒప్పుకోడం అంత కష్టం. వెయ్యి అంటే హోల్‌సేల్, మూట విప్పి చూపించే పనుండదు.

ఎందుకంటున్నానంటే, మా అక్క నన్ను నమ్మి చెప్పిన మాటొకటి ఇంకొకరి దగ్గర నోరుజారాను. ఏ మాటో అడక్కండి, ఒకసారి బయటపెట్టింది చాలు. తనకి తెలిసి ఫోన్ చేస్తే వెంటనే 'సారీ అక్కా, కానీ కావాలని చెప్పలేదు, వాళ్ళే గుచ్చి గుచ్చి అడిగారు' అన్నా. 'సరేలే' అని పెట్టేసింది. ఆ సాయంత్రం దీపం పెట్టి ఇదే శ్లోకం చదువుకుని, లెక్క సెటిలైపోయినట్టు హాయిగా నిద్రపోయా కూడా.

భాగవతం నవమ స్కంధంలో విష్ణుభక్తుడైన అంబరీష మహారాజు కథ తెలిసిందే. ఏకాదశి ఉపవాసం ద్వాదశిలోనే విడవాలి, ఆ ఘడియలు దాటిపోతున్నాయని, వ్రతభంగం కాకూడదని ఆయన గుక్కెడు నీళ్ళు తాగితే, స్నానానికెళ్ళొచ్చిన దుర్వాస మహర్షి అతిథిని నేనుండగా నువ్వు ముందే పారణ చేస్తావా, ఉపవాసం విడుస్తావా అని మండిపడి, జట పెరికి కృత్య అనే రాక్షసిని పుట్టించి మీదికి వదుల్తాడు. సుదర్శన చక్రం ఆ కృత్యని కాల్చేసి దుర్వాసుడి వెంట పడుతుంది. బ్రహ్మ దగ్గరికెళ్ళాడు, నావల్ల కాదన్నాడు. శివుడూ అంతే. చివరికి వైకుంఠానికెళ్ళి సాక్షాత్తూ విష్ణుమూర్తి కాళ్ళమీద పడితే ఆయనేమన్నాడు? 'అహం భక్తపరాధీనః', నేను భక్తులకి లోబడినవాణ్ణి, నువ్వు అంబరీషుడి దగ్గరికే పో అన్నాడు. చక్రం ఎవరిది? ఆయనదే! అయినా ఆ క్షమాపణ తను తీసుకోలేదు. ఇది చదివాక నా దీపం ముందు సెటిల్‌మెంట్ తల్చుకుంటే సిగ్గేసింది.

ప్రవచనాల్లో ఎక్కువగా అంబరీషుడి ఓర్పునే పొగుడుతారు, పొగడాల్సిందే. నాకు మాత్రం దుర్వాసుడు తిరిగొచ్చిన దారి గుర్తుంటుంది, లోకాలన్నీ తిరిగి తిరిగి, ఏ గుమ్మం ముందు తప్పు చేశాడో ఆ గుమ్మానికే వచ్చి, అంత తపస్వి అయ్యుండి రాజు కాళ్ళు పట్టుకున్నాడు. 'కానీ నువ్వు మాత్రం ముందే నీళ్ళు తాగావుగా' అనలేదు.

మరి ఏం చెప్పాలి అంటే గీత 11వ అధ్యాయంలో అర్జునుణ్ణి చూడండి. విశ్వరూపం చూసి వణికిపోతూ కూడా 'తప్పులేమైనా ఉంటే క్షమించు' అని తేల్చెయ్యడు. ఓ కృష్ణా, ఓ యాదవా, ఓ సఖా అని చనువుకొద్దీ పిలిచాను, ఆడుకునేటప్పుడు, పడుకున్నప్పుడు, కూర్చున్నప్పుడు, తినేటప్పుడు వేళాకోళం చేశాను, ఒంటరిగా ఉన్నప్పుడూ చేశాను, అందరి ముందూ చేశాను అని ఒక్కోటీ బయటపెడతాడు. తెలీక అన్నాను అని ఆయనా అన్నాడు కదా అంటారేమో, అన్నాడు, కానీ దాన్ని అడ్డం పెట్టుకుని మిగతాది దాచలేదు.

సరే, నేనూ మొదట ఆ మాట మోసుకెళ్ళిన చోటికే వెళ్ళి 'అది నేను చెప్పకూడని మాట, చెప్పి తప్పు చేశాను, ఇక్కడితో ఆపండి' అన్నా. ఆ తర్వాత అక్క దగ్గర కూర్చుని ఎవరికి చెప్పానో, ఎంతవరకు చెప్పానో, అప్పుడు నలుగురిలో గొప్ప కోసమే చెప్పానని కూడా చెప్పేశా. ఆ చివరిది చెప్పడానికి ఒక పట్టాన గొంతు పెగల్లేదు. తను ఏమీ అన్లేదు, కాసేపు కొంగు చివర మడతపెడుతూ కూర్చుంది, అంతే.

దుర్వాసుడు తిరిగొచ్చేసరికి ఏడాది పట్టిందట, అన్నాళ్ళూ అంబరీషుడు అన్నం ముట్టకుండా నీళ్ళతోనే ఉన్నాడు. అంటే తప్పు చేసినోడు పరిగెత్తిన ఆ ఏడాదంతా నొప్పి పడింది అవతలివాడు కూడా. అందుకే 'ఇంకా మర్చిపోలేదా అక్కా' అని అడగబోయిన ప్రతిసారీ నోరు మూసుకున్నా. ఫోన్ చేస్తే 'అంతా బానే ఉంది' అనేది, నేనూ గుచ్చి అడిగేవాణ్ణి కాదు. నమ్మకం మళ్ళీ పెట్టుకోవాలా వద్దా అన్నది తనిష్టం, నా డ్యూటీ మాత్రం ఎవరి మాటైనా నా దగ్గర ఆగిపోయేలా చూసుకోడం.

మొన్న ఫోన్‌లో ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ కాస్త ఆగి, 'ఒక సంగతి చెప్తా విను' అంది. చిన్న విషయమే, ఎవరికీ చెప్పకు అని కూడా అన్లేదు. అదేంటో మాత్రం ఇక్కడ రాయను.