నీటి గండం ఉన్న తమ్ముడితో స్పీడ్‌బోటు

మా తమ్ముడికి నీటి గండం ఉందని, వాడు పుట్టినప్పుడు జాతకం రాసిన పంతులుగారు చెప్పారట. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంటి ముందు పంటకాలువ, ఊరి వెనక గోదావరి పాయ, ఇంకాస్త పోతే సముద్రం. అలాంటి చోట నీటి గండం ఉన్న పిల్లాణ్ణి పెంచడమంటే మాటలా? ఊళ్ళో పిల్లలంతా వంతెన మీంచి కాలువలోకి దూకి ఈత నేర్చుకుంటుంటే వాడు అరుగు మీద కూర్చుని చూసేవాడు. వాడికి కాపలాగా నేనూ కూర్చునేదాన్ని. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కితే కోటిపల్లి ఒడ్డు తగిలేదాకా అమ్మ వాడి చొక్కా వదిలేది కాదు. కోనసీమలో పుట్టి ఈత రాకుండా పెరిగినవాళ్ళం మా వీధి మొత్తానికి మేమిద్దరమే.

ఆ తమ్ముడే 2024 నవంబరులో ఒక రాత్రి అన్నాల దగ్గర, "అక్కా, కాన్‌కూన్‌లో స్పీడ్‌బోటు బుక్ చేశా. డ్రైవరు ఉండడు, మనమే నడుపుకోవాలి. ఆ తర్వాత సముద్రంలో స్నార్కెలింగ్" అన్నాడు. అంటే మాస్కు పెట్టుకుని, గొట్టంతో ఊపిరి పీలుస్తూ, నీళ్ళ మీద బోర్లా తేలుతూ కిందున్నవి చూడడం. అది ఇద్దరే పట్టే పడవ. చిన్నపిల్లల్ని ఎక్కించుకోరు. నాలుగేళ్ళ మేనల్లుడితో తను ఒడ్డునే ఉంటానంది మరదలు. అలా రెండో సీటు నాకొచ్చింది.

"మరి అమ్మకి?" అన్నాను.

"చెప్పకు" అన్నాడు.

నేను కాకినాడ నుంచి డల్లాస్‌లో వాళ్ళింటికి వచ్చి అప్పటికి నెల. అక్కణ్ణుంచి మెక్సికోలోని కాన్‌కూన్‌కి విమానంలో మూడు గంటలు కూడా పట్టదు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మన పాస్‌పోర్టుకి మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. అందుకే థాంక్స్‌గివింగ్ సెలవుల్లో అక్కడ తెలుగు బాగానే వినపడుతుంది. రిసార్టులో మొదటిరోజు టిఫిన్ల దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడితే, నా వెనకే ఎవరో "పెరుగు ఎక్కడుందో కనుక్కో" అంటున్నారు.

కాన్‌కూన్‌లో హోటళ్ళన్నీ ఉన్న భాగం పటంలో చూస్తే అంకె 7 లాగా ఉంటుంది. ఇరవై కిలోమీటర్లకు పైగా పొడవున్న సన్నటి ఇసుక పట్టీ, మధ్యలో ఒకే పెద్ద రోడ్డు. ఒక పక్క కరీబియన్ సముద్రం, రెండో పక్క నిచుప్తే అనే ఉప్పుటేరు లాంటి పెద్ద మడుగు. మన భాషలో చెప్పాలంటే లంక. 1970 ప్రాంతంలో మెక్సికో ప్రభుత్వం ఇక్కడ హోటళ్ళు కట్టాలని అనుకునేసరికి ఈ లంక మీద కొబ్బరితోట కాపలాదార్లు తప్ప జనమే లేరట. ఆ మాట విన్నాక ఊరు నాకు కాస్త దగ్గరైనట్టు అనిపించింది. ఇప్పుడు అడ్రసు కూడా కిలోమీటరు రాయి లెక్కనే. బస్సెక్కి ఎన్నో కిలోమీటరో చెబితే అక్కడ దింపుతారు.

మా రిసార్టు సముద్రం వైపు ఉంది. నీలం గురించి ఎంత చెప్పినా తక్కువే, కానీ అలలు మాత్రం మా ఉప్పాడ అలలకేం తీసిపోవు. మేమున్న నాలుగు రోజుల్లో మూడు రోజులు ఒడ్డున ఎర్రజెండాయే, దిగొద్దని. రోడ్డు దాటితే మడుగు మాత్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా కదలకుండా ఉంటుంది. పడవలన్నీ ఆ వైపు నుంచే బయల్దేరతాయి.

రేవు దగ్గరికి వెళ్ళగానే మొదటి చిరాకు. ఆన్‌లైన్‌లో డబ్బంతా కట్టేశాం కదా అనుకుంటే, రేవు రుసుము, నేషనల్ పార్కు రుసుము అంటూ తలకు ఇంకో 20 డాలర్లు అడిగారు. అదీ నగదు. పార్కు ఉన్నమాట నిజమే, అక్కడి పగడాల దిబ్బలని 1996లో నేషనల్ పార్కుగా ప్రకటించారు. ఆ ముక్క టికెట్ అమ్మేటప్పుడే చెబితే ఏం పోయింది? తర్వాత ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఏం జరిగినా మాదే బాధ్యత అని దాని సారాంశం. ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి అన్న గడిలో తమ్ముడు మరదలి పేరు రాశాడు. అమ్మ పేరు రాయలేదని నేను గమనించాను.

గైడు కుర్రాడికి ఇరవై అయిదేళ్ళుంటాయేమో. సన్‌స్క్రీన్ రాసుకున్నారా అని అందరినీ అడిగాడు. అందులోని మందులు పగడాలకి విషమట, ఎండ తగలకుండా నిండు చేతుల చొక్కాలే వేసుకోవాలట. తలకి పట్టించిన కొబ్బరినూనె సంగతి నేను పైకి చెప్పలేదు. టోపీ ఇంకొంచెం కిందికి లాక్కున్నాను.

పడవ పాఠం అయిదు నిమిషాల్లో అయిపోయింది. కారుకున్నట్టే స్టీరింగు, కుడిచేతి పక్కన ఒక కడ్డీ. ముందుకు నెడితే వేగం, మధ్యలో పెడితే న్యూట్రల్. బ్రేకు లేదు. "బ్రేకు లేదా?" అని రెండుసార్లు అడిగాను. నీళ్ళే ఆపుతాయన్నాడు. అందరూ వాడి పడవ వెనకాలే ఒక వరసలో రావాలి, ఎవరూ ఎవర్నీ దాటకూడదు. చెయ్యి పైకెత్తితే ఆగాలి, అరచెయ్యి కిందికి ఊపితే నెమ్మదించాలి. అంతే. మొత్తం ఎనిమిది పడవలు, మాది ఆరోది.

వెళ్ళేటప్పుడు తమ్ముడు నడిపాడు. కడ్డీ నెట్టగానే పడవ మూతి ఆకాశంలోకి లేచింది. ఎదురుగా ఏమీ కనపడదు, వెనకాల మోటారు కూరుకుపోతున్నట్టుంటుంది. భయపడి వేగం తగ్గిస్తే అది అలా లేచే ఉంటుంది. ధైర్యం చేసి ఇంకా నెడితే, ఒక్కసారిగా మూతి దిగి పడవ నీళ్ళ మీద జారడం మొదలవుతుంది. ఆ దిగే క్షణం కడుపులో తెలుస్తుంది. ఆ తర్వాత అంతా గాలి, చప్పుడు, ముందు పడవ రేపిన అలల మీద దబదబమని దెబ్బలు. నా నడుం సంగతి నేను మర్చిపోయాను. తమ్ముడు మాత్రం "ఓయ్!" అని అరుస్తూనే ఉన్నాడు.

తర్వాత మడ అడవి వచ్చింది. గైడు అరచెయ్యి ఊపాడు, వేగం తగ్గిపోయింది. ఇరుకు పాయ, రెండు వైపులా నీళ్ళల్లోకి కాళ్ళు దించుకుని నిలబడ్డ మడచెట్లు. కోరింగలో అటవీశాఖ పడవ ఎక్కినప్పుడు చూసిన వేళ్ళే, అదే బురద వాసన. ప్రపంచానికి ఆ చివర ఉన్నాననే సంగతి కాసేపు తట్టలేదు. ఒక తేడా ఏంటంటే, ఒడ్డున అక్కడక్కడా మొసలి బొమ్మ వేసిన బోర్డులున్నాయి. ఆ మడుగులో నిజంగానే మొసళ్ళున్నాయి, అందుకే అక్కడెవరూ ఈత కొట్టరు. మాకు కనపడలేదు. తమ్ముడు మాత్రం ఆ పాయ దాటేదాకా చెయ్యి పడవ అంచు మీద పెట్టలేదు.

తక్కువ ఎత్తున్న ఒక వంతెన కిందుగా దూరితే సముద్రం. ఆ చోటు పేరు పుంటా నిజూక్, 7 అంకె కాలు చివర. యుకతాన్ ద్వీపకల్పం కొస నుంచి హోండురస్ దాకా దాదాపు 1000 కిలోమీటర్లు సాగే పగడాల దిబ్బ వరసలో ఇదొక ముక్క. అలలన్నీ దిబ్బ అవతలే విరిగిపోతాయి కాబట్టి ఇవతల నీళ్ళు నిలకడగా ఉంటాయి. పడవలు కట్టేశాం. మాస్కు, గొట్టం, లైఫ్ జాకెట్. ఈత రానివాళ్ళకి ఒక ఎర్ర రబ్బరు చక్రం ఇచ్చారు. దాన్ని పట్టుకుని తేలితే గైడు తాడుతో లాక్కెళతాడు. పట్టుకున్నది మేమిద్దరం, ఇంకో పెద్దావిడ.

తల నీళ్ళల్లో పెట్టి నోటితో గాలి పీల్చమంటే, బుర్రకి అర్థమైనా ఒళ్ళు ఒప్పుకోదు. మూడుసార్లు ముంచి మూడుసార్లూ లేచాను. నాలుగోసారి ఊపిరి అందింది. చెవుల్లో నా ఊపిరి తప్ప ఇంకేం లేదు, ఎవరో గురక పెడుతున్నట్టు. నెమ్మదిగా కళ్ళు తెరిస్తే ఎదురుగా గుండ్రంగా, మెరుస్తూ ఒక ఎర్రటి పురుగు. మొహం ఎటు తిప్పితే అటే వస్తోంది. పగడమా, పీతా, కుడుతుందా అని గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే నా స్టిక్కర్ బొట్టు. నుదుటి మీంచి ఊడి మాస్కు అద్దానికి లోపల అంటుకుంది. చివరిదాకా అక్కడే ఉంది. ఆ రోజు నేను చూసిన చేపలన్నిటికీ బొట్టుంది.

టీవీలో చూపించే రంగులు ఆశించి వెళ్ళకండి. పగడాలు చాలామటుకు మట్టిరంగులో, కొన్ని సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. 2018లో ఈ తీరానికి ఒక రోగం వచ్చిందని, మెదడు ఆకారంలో ఉండే పగడాలు దానివల్లే ఎక్కువగా పోయాయని గైడు తర్వాత చెప్పాడు. గాలికి ఊగే విసనకర్రల్లాంటి ఊదారంగువి మాత్రం బాగున్నాయి. చేపలకి కొదవలేదు. పసుపు మీద నల్లచారలున్న చిన్నవి గుంపులుగా మా చేతుల చుట్టూ తిరిగాయి. అన్నిటికన్నా నచ్చింది చిలకచేప. ఆకుపచ్చ, నీలం కలిసిన రంగు, చిలక ముక్కులాంటి పళ్ళు. అది దిబ్బని కొరుకుతుంటే ఆ చప్పుడు నీళ్ళల్లో స్పష్టంగా వినపడుతుంది, ఎవరో పక్కన కూర్చుని జంతికలు నములుతున్నట్టు. అలా నమిలిన పగడాన్నే ఇసుకగా వదులుతుందట. మేం రోజూ నడుస్తున్న తెల్లటి ఇసుకలో అదీ కొంత ఉందన్నమాట.

అంతలో పక్కన బుడబుడమని గోల. తమ్ముడి గొట్టంలోకి నీళ్ళు పోయాయి. వాడు గట్టిగా ఊదెయ్యాలన్న పాఠం మర్చిపోయి మాస్కు పీకేశాడు. కళ్ళు ఎర్రగా, ముక్కులోంచి ఉప్పునీళ్ళు. లైఫ్ జాకెట్ ఉంది, మునగడు, అది వాడికీ తెలుసు. అయినా నా మణికట్టు పట్టుకున్న పట్టు చూస్తే తెలియనట్టే ఉంది. "అక్కా, వదలకే" అన్నాడు. పంటు మీద అమ్మ చొక్కా పట్టుకుంటే విసుక్కునేవాడు వీడే. గైడు వచ్చి మాస్కులో నీళ్ళు వంచి, మళ్ళీ తగిలించి, భుజం తట్టాడు. ఆ తర్వాత ముప్పావుగంట అయ్యేదాకా వాడు ఒక చెయ్యి చక్రం మీద, ఒక చెయ్యి నా మీద పెట్టుకునే చేపలు చూశాడు.

తిరుగుప్రయాణంలో స్టీరింగు నాది. కాకినాడ రోడ్ల మీద ఇరవై ఏళ్ళుగా స్కూటీ నడుపుతున్నదాన్ని, ఇదెంత అనుకున్నా. మూతి లేవడం, దిగడం అన్నీ బాగానే చేశాను. అయితే ముందు పడవకి మరీ దగ్గరగా వెళ్ళిపోయాను. గైడు చెయ్యెత్తాడు. నా ఎడమచెయ్యి గాల్లో లేని బ్రేకు నొక్కింది, కుడిచెయ్యి కడ్డీని ఒక్కసారిగా వెనక్కి లాగింది. పడవ ఆగింది. కానీ మేం రేపిన అల ఆగలేదు. అది వెనకనుంచి వచ్చి, మోటారు మీదుగా ఎక్కి, మా వీపుల మీద పడింది. సీటు కింద పెట్టుకున్న చెప్పులు తేలాయి. మోటారు ఆగిపోయింది. మొసళ్ళ బోర్డుకి కూతవేటు దూరంలో, నడి మడుగులో, పూర్తిగా తడిసి ఇద్దరం కూర్చున్నాం. కాసేపటికి తమ్ముడికి నవ్వొచ్చింది, తర్వాత నాకూ వచ్చింది. ఎంతకీ ఆగదే! గైడు వెనక్కి తిరిగి వచ్చి మోటారు స్టార్ట్ చేసిచ్చి, వేగం ఎప్పుడూ మెల్లగా తగ్గించాలని చెప్పి వెళ్ళాడు. ఆ ముక్క పొద్దున్న ఆ అయిదు నిమిషాల పాఠంలో లేదు.

రేవులో దిగాక ఫోటోలు, వీడియోలు కలిపి 40 డాలర్లన్నారు. వద్దనే అన్నాం. తర్వాత తెరమీద మా ఇద్దర్నీ నీళ్ళల్లో బోర్లా తేలుతూ, ఎర్ర చక్రానికి వేలాడుతూ చూపించారు. కొనేశాం.

రాత్రి ఎనిమిదికి, అంటే మనకి పొద్దున్న ఆరున్నరకి, అమ్మ వీడియో కాల్ చేసింది. కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చుంది. వెనకాల కాలువ కనపడుతోంది. అన్నాలయ్యాయా, పిల్లాడికి జలుబు తగ్గిందా, ఇవన్నీ అయ్యాయి. సముద్రం చూశారా అంటే దూరం నుంచి చూశామన్నాం. మేనల్లుడు మధ్యలో దూరి ఫోను లాక్కున్నాడు.

"మామ్మా, నాన్న నీళ్ళల్లో బోర్లా పడుకున్నాడు. అత్త కూడా."

"స్విమ్మింగ్ పూల్‌లే అమ్మా" అన్నాడు తమ్ముడు.

"నో, సీ! ఫిష్‌లున్నాయి. నేను వీడియో చూశా!"

అమ్మ ఒక గుక్క కాఫీ తాగింది. "మొసళ్ళవీ లేవు కదా?" అంది.

"లేవమ్మా" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"సరేలే. ఆ గండం వాడికి పన్నెండో ఏటితోనే పోయింది. చెబితే ఇద్దరూ కాలువలో దూకుతారని నేనే చెప్పలేదు" అంది.

వాడికి మొన్న జూలైలో 41 నిండాయి. ఫోను నా చేతిలో పెట్టేసి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.